ఇంధనస్వత్వ విచారము

ధనమిచ్చి కొనిన వస్తువును వ్యర్థముగా నాశనము చేయుటకు మనుష్యునకు అధికారము గలదా యను ప్రశ్న మిక్కిలి పాతది. ధరలు పెంచుటకై ధాన్యమును నీటిపాలు చేసిన వర్తకునిగూర్చియు, విలాసమునకై పట్టువస్త్రములను చింపించిన ప్రభువునుగూర్చియు లోకము పూర్వమునుండి యీ ప్రశ్నను అడుగుచునే యున్నది. అయినను అట్టి యుదాహరణములు అరుదుగా సంభవించునవి యగుటచేత, వానినిబట్టి చేసిన విచారము సామాన్యజనుల దినచర్యను తాకక గ్రంథములయందే నిలిచిపోయినది. మన కాలమున నా ప్రశ్న ప్రతిదినమును, ప్రతి రహదారిపైనను, బండి నడుపువాని కుడికాలి క్రిందికి వచ్చి చేరినది. దానిని నేను పికప్ ట్రక్కు నాధారముగా గొని పరిశీలింపదలచితిని. అందును అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున తిరుగు ట్రక్కును గ్రహింతును. ఆ బండి యచట తిరుగువానిలో మిక్కిలి మక్కువకు పాత్రమైనది. అది త్రాగు చమురును ఆ నేలయడుగుననే పుట్టినది.

1901వ సంవత్సరము జనవరి 10వ తేదీన బోమాంటు పట్టణ సమీపమున స్పిండిల్‌టాప్ అను దిబ్బపై త్రవ్విన బావినుండి చమురు ఆకాశమున కెగజిమ్మిన నాటినుండి టెక్సాసు చరిత్ర చమురుతో పెనవైచుకొన్నది. ఆ రాష్ట్రపు పడమటి భాగమున పర్మియన్ బేసిన్ అని పిలువబడు విశాలమైన మెట్టభూమి యొకప్పుడు సముద్రము. 25 కోట్ల సంవత్సరములకు పూర్వము ఆ సముద్రమున బ్రదికి, మరణించి, అడుగునకు దిగిన సూక్ష్మజీవుల శరీరములే బురదచే కప్పబడి, భూగర్భపు వేడికిని ఒత్తిడికిని లోనై, నేడు అచట రేయింబవళ్లు పంపులు తోడుచున్న చమురైనవి. మరణించిన జీవరాశిలో అత్యల్పభాగమే చమురై నిలుచును; తక్కినదంతయు మార్గమధ్యముననే నశించును. ఆ నష్టములన్నిటిని కలిపి లెక్కకట్టి, ఒక అమెరికన్ గాలను, అనగా సుమారు 3.8 లీటర్ల పెట్రోలునకు ప్రాచీనకాలపు జీవపదార్థము 89 టన్నులు మూలమైనదని జెఫ్రీ డ్యూక్స్ అను శాస్త్రజ్ఞుడు 2003లో ప్రకటించెను. అంతటి జీవరాశి సారమగు నా గాలనుతో పెద్ద పికప్ ట్రక్కు పోవునది 15 మొదలు 20 మైళ్లు.

ఈ బండ్లు రెండు తెగలుగా కనబడును. ఇండ్లు కట్టు మేస్త్రీలు, పశువులను పెంచు రైతులు, గొట్టములు బిగించు పనివారు నడుపునవి యొక తెగ. వాని తొట్టిలో కలపయో, గడ్డిమోపులో, పనిముట్ల పెట్టెలో ఎల్లప్పుడును ఉండును. కార్యాలయమునకును అంగడికిని పోయివచ్చుచు, తొట్టిపై గీతయైన పడక మెరయుచుండునవి రెండవ తెగ. డల్లాసు చుట్టుపట్ల ఇర్వింగు, ప్లేనో, ఫ్రిస్కో మొదలగు నూళ్లయందు స్థిరపడిన మన తెలుగువారిలోను పికప్ ట్రక్కు కొని సంతోషించినవా రున్నారు. కొత్తదేశమున ఆ దేశీయునివలె నిలువవలెనను కోరిక సహజమైనది. దానిని నేను నిందింపను. ఆ కోరిక బండి కొనుటతో నిలువక బండిని మార్చుటకు పూనుకొన్నప్పుడే నా విచారము మొదలగుచున్నది.

కర్మాగారమునుండి వెలువడునప్పటికే ఆ బండి యాకారమును వాయుసొరంగములలో పరీక్షించి, గాలి యెచట తగులుకొనుచున్నదో చూచి, వంపులు దిద్ది పంపుదురు. కొన్నవాడు చేయు మొదటిపని దానిని నాలుగంగుళములో, ఆరంగుళములో పైకెత్తించుట. ఎత్తించుటతో గాలికి ఎదురునిలుచు వైశాల్యము పెరుగును. క్రిందిభాగమున చక్రముల నడుమ గాలి దూరి సుడులు తిరుగును. పిమ్మట 31 అంగుళముల టైర్లను తీసివైచి, రాళ్లలో బురదలో నడచుటకు లోతైన గాట్లుగల 35 అంగుళముల టైర్లను తొడిగించును. అవి బరువైనవి, బరువంతయు చక్రపు టంచుననే యుండుటచేత, వానిని తిప్పుటకును నిలుపుటకును అధికమైన శక్తి కావలెను. చక్రము పెద్దదైనకొలది గేర్ల నిష్పత్తి మారి, ఇంజను తనకు అనుకూలమైన వేగమున తిరుగలేక యలసిపోవును. అటుపై ముందునకు ఉక్కు బంపరు, దానికొక వించి, పైకప్పున దీపముల వరుస, సామానులేని సామానుచట్రము. సుమారు 45 కిలోల యదనపు బరువు మైలేజిలో నూటికొక పాలు తగ్గించునని అమెరికా ప్రభుత్వ ఇంధనశాఖవారు చెప్పుదురు. ఒక్కొక్కటి స్వల్పమే, అన్నియు చేరినపుడు బండి మఱియొక బండి యగును.

ఈ మార్పులలో తత్త్వవిచారకునకు మిక్కిలి యాసక్తి కలిగించునది టైరు. బండి పోయిన దూరమును మీటరు కన్నులతో చూడదు. చక్రమెన్నిమార్లు తిరిగినదో లెక్కపెట్టి, కర్మాగారపు చక్రపు చుట్టుకొలతతో గుణించి చెప్పును. చక్రము 31 నుండి 35 అంగుళములైనపుడు ఒక్కొక్క చుట్టునకు బండి నూటికి దాదాపు 13 పాళ్లు అధికముగా పోవును; మీటరున కా సంగతి తెలియదు. గాలనుకు 15 మైళ్లే వచ్చినవని యజమాని విచారించునపుడు నిజముగా వచ్చినవి దాదాపు 17. అదే మీటరు వేగము 70 మైళ్లని చూపునపుడు బండి 79 మైళ్ల వేగమున పోవుచుండును. తాను నెమ్మదిగానే పోవుచున్నానని నమ్మినవాడు తన నమ్మకముచేతనే యధికముగా కాల్చుచుండును. జ్ఞానము స్వయముగనే ప్రమాణమనియు, బాధకజ్ఞానము కలిగినప్పుడు గాని, జ్ఞానకారణమునందు దోషము తెలిసినప్పుడు గాని దాని ప్రామాణ్యము తొలగుననియు మన మీమాంసకులు సిద్ధాంతీకరించిరి. ఇచట కారణదోషమును కల్పించినవాడు జ్ఞాతయే. కొలువబడవలసినవాడు కొలబద్దను మార్చి, మార్చినమాట మరచి, అది చూపిన యంకెనుబట్టి తన్ను తాను మెచ్చుకొనుటయో నిందించుకొనుటయో చేయుచున్నాడు. ఆత్మపరీక్షకు కలుగు విఘ్నములలో దీనికంటె సూక్ష్మమైనది నాకు తోచదు. కొత్త చక్రపు కొలతను బండి కంప్యూటరునకు తెలుపుటకు ఉపాయము లేకపోలేదు. ఆ పని చేయించువారును ఉన్నారు, వారు వివేకవంతులు.

బండిని మార్చువారిలో కొన్ని విశ్వాసములును వ్యాపించియున్నవి. తొట్టి వెనుకతలుపును దించి నడిపినచో గాలి సుఖముగా వెడలిపోయి చమురు ఆదా యగునని పలువురు నమ్ముదురు. నిజమునకు తలుపు మూసియున్నపుడు తొట్టిలో గాలి సుడియై నిలిచి, పైనుండి వచ్చు గాలికి తానే మెత్తని కప్పువలె పనిచేయును. తలుపు దించినచో నా సుడి చెదరును. గాలివడపోత శుభ్రముగా నున్నచో మైలేజి పెరుగునను మాట కార్బ్యురేటరు కాలమున సత్యము. నేటి యింజనులో ప్రాణవాయువు సెన్సరు సూచననుబట్టి కంప్యూటరు చమురును తానే తగ్గించుటచేత, మాసిన వడపోత బలమును తగ్గించునేగాని మైలేజిని తగ్గింపదని ఓక్‌రిడ్జ్ జాతీయ ప్రయోగశాలవారు 2009లో నిరూపించిరి. ఒకనాటి సత్యము కారణము తొలగినపిదపకూడ ఆచారమై నిలుచుట మతములయందు మాత్రమే కలదని తలచువారు ఈ సంగతిని గమనింపవలెను.

వేగమునుగూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. గాలి చేయు నిరోధము వేగము యొక్క వర్గముననుసరించి పెరుగును. టెక్సాసులో ఆస్టిను నగర దక్షిణమునుండి సెగ్విను వరకు పోవు 130వ నంబరు రహదారిపై 2012 నుండి గంటకు 85 మైళ్ల వేగము చట్టసమ్మతము. అమెరికాలో నంతకు మించిన పరిమితి వేరొకచోట లేదు. 65 మైళ్ల వేగమున పోవువాడు 85 మైళ్లకు చేరినచో వేగము నూటికి 31 పాళ్లు పెరిగినది. గాలిని త్రోయుటకు మైలుమైలునకును వ్యయమగు శక్తి నూటికి 71 పాళ్లు పెరిగినది. ముందుభాగము గోడవలె నుండు పికప్ ట్రక్కునకు ఇది మరింత భారము. 1973లో అరబ్బుదేశములు చమురు నిలిపివైచినపుడు, నిక్సన్ అధ్యక్షుడు 1974 జనవరిలో దేశమంతటను 55 మైళ్ల పరిమితిని విధించు చట్టముపై సంతకము చేసెను. 1995లో అది రద్దయ్యెను. కొరత యున్నప్పుడు ధర్మముగా తోచినది సమృద్ధి యున్నప్పుడు బంధనముగా తోచినది. గాలి స్వభావమా, 1974లో నెట్లుండెనో 1995లోను అట్లే యుండెను.

ఇక కుడికాలు. 2,500 కిలోల బండిని 60 మైళ్ల వేగమునకు తెచ్చుటకు ఇంజను దాదాపు 100 మిల్లీలీటర్ల పెట్రోలును కాల్చును. ముందు ఎర్రదీపము కనబడుచుండగనే కాలు తీయక, చివరివరకు తరిమి, పిమ్మట బ్రేకు త్రొక్కినచో నా చమురు సారమంతయు బ్రేకుపలకల వేడియై గాలిలో కలియును. ఇట్లు ఉరికించి నిలుపు నలవాటు నగరవీథులలో మైలేజిని నూటికి 10 మొదలు 40 పాళ్ల వరకు తగ్గించునని పూర్వోక్తమైన ఇంధనశాఖవారి యంచనా. నిలిచిన బండిలో ఇంజను తిరుగుచుండినచో గంటకు పావుగాలను మొదలు అరగాలను వరకు పోవును. ఆపి మరల నడిపించుటకు పట్టునది పదిసెకండ్ల చమురు మాత్రమే. ఇవన్నియు ఎరిగినవారే యెరుగనట్లు నడుపుదురు. ఏలయన కాలు బుద్ధి నడిగి కదలదు. సంస్కారము అను పేరుతో యోగశాస్త్రము వర్ణించినది ఇదియే. చేసిన ప్రతి కార్యమును తనవంటి కార్యమునకే వాలు నేర్పరచి పోవును. ఇరువదియేండ్లుగా ఉరికించిన కాలు ఇరువదియొకటవయేట ఆలోచింపకయే ఉరికించును. బండికి చేసిన మార్పును ఒకనాటిలో విప్పివేయవచ్చును. కాలికి చేసికొన్న మార్పును విప్పుటకు దీర్ఘకాలము అభ్యాసము కావలెను.

ఇంతవరకు విన్నవారు ఇది ఇంద్రియనిగ్రహ విషయమని నిర్ణయించి, కఠోపనిషత్తులోని రథకల్పనను స్మరింపవచ్చును. శరీరము రథము, బుద్ధి సారథి, మనస్సు కళ్లెము, ఇంద్రియములు గుర్రములు, విషయములు వాని మార్గములు అని యందు సర్వమును చెప్పబడినది. గుర్రముల మేతను మాత్రము ఉపనిషత్తు ప్రస్తావింపలేదు. ఆ కల్పన రథికుడు తన గమ్యము చేరుటనుగూర్చినది గావున మేతతో దానికి ప్రసక్తి లేదు. మన విషయమున మేతయే ప్రధానము. నిగ్రహము లేనివాడు తన్ను తాను చెరుపుకొనుచున్నాడనుట సత్యమే యైనను, ఆ మాట ప్రశ్నకు ప్రత్యుత్తరము కాదు. చెరుపుకొనుటకు నాకు హక్కున్నదని అతడు చెప్పును. కాలిపోవునది ఎవరిది అని మనమడుగవలెను.

ఒక వస్తువు నాది యనుటకు అర్థమేమి? దానిని నా యిచ్ఛవచ్చినట్లు వినియోగించుటకు యోగ్యత గలిగియుండుటయే స్వత్వమని లోకమున సామాన్యముగా చెప్పుదురు. శాస్త్రకారులలోను ఈ లక్షణమును గ్రహించినవారున్నారు. 15, 16 శతాబ్దముల సంధికాలమున నవద్వీపమున వెలసిన మహానైయాయికుడు రఘునాథ శిరోమణి తన పదార్థతత్త్వనిరూపణమున దీనిని విమర్శించెను. వినియోగించుట యనగా తినుట మొదలగు పనులే యైనచో, పరుల యన్నమునుకూడ తినుట సంభవమే గదా! శాస్త్రము నిషేధింపని వినియోగమని సవరించినచో, పరుల సొత్తును తీయరాదను నిషేధమునకు అర్థము తెలియుటకే ముందుగా సొత్తన నేమో తెలిసియుండవలెను. ఇట్లు వాదించి, స్వత్వమును వేరొకదానిలో చేర్చుటకు వీలులేని ప్రత్యేకపదార్థముగా నతడు స్థాపించెను. నా ప్రయోజనమునకు ఆ సిద్ధాంతముకంటె దానికి దారితీసిన సందేహము ముఖ్యము. ఇచ్ఛవచ్చినట్లు చేయగలుగుట స్వత్వమునకు నిర్వచనము కానపుడు, నాది గావున ఇచ్ఛవచ్చినట్లు కాల్తునను వాదము తన కాలిక్రింది నేలను కోల్పోవుచున్నది. నాది యగుట వేరు, ఇష్టము వచ్చినట్లు చేయదగుట వేరు.

పెట్రోలు విషయమున మఱియొక చిక్కున్నది. గాలను పెట్రోలు బరువు సుమారు 2.8 కిలోలు. అది కాలినపుడు పొగగొట్టమునుండి వెడలు బొగ్గుపులుసు వాయువు సుమారు 8.9 కిలోలు. పోసినదానికంటె మూడింతల బరువు ఎట్లు వెలువడినది? ఆ వాయువులోని 6.5 కిలోల ప్రాణవాయువును ఇంజను దారిపొడవున గాలినుండి గ్రహించినది. ఒక గాలను కాలుటకు ఇంజను పీల్చు గాలి దాదాపు 41 కిలోలు. కాలుట యనునది రెండు ద్రవ్యముల సంయోగము. అందొకదానికే ధరయు రశీదును గలవు. రెండవదానిని ఎవరును అమ్మలేదు, ఎవరును కొనలేదు. పెట్రోలుపై యజమానికిగల స్వత్వమును సంపూర్ణముగా నంగీకరించినను, దహనమను క్రియపై అతనికి సంపూర్ణస్వత్వము సిద్ధింపదు; ఆ క్రియలో భాగమైన గాలి ఎవనికిని చెందదు, ఆ క్రియకు ఫలమైన వాయువు అందరికిని చెందును. సాధారణుని యూపిరివలెనే ఇంజను ఊపిరియు దోషము కాదని యొకడనవచ్చును. నిజమే, ఊపిరి కార్యమునకై పీల్చబడునంతవరకు దోషము కాదు.

ఈ సందర్భమున యూదుల ధర్మశాస్త్రమునందలి యొక నిర్ణయము నన్ను చిరకాలముగా ఆకర్షించియున్నది. ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయమున, శత్రుపట్టణమును ముట్టడించిన సేన పండ్లచెట్లను గొడ్డలిపాలు చేయరాదని యొక నిషేధము గలదు. యూదుల పండితులు దానిని చెట్లకును యుద్ధమునకును పరిమితము చేయక, ప్రయోజనములేని నాశనమంతటికి విస్తరించిరి. పాత్రలను పగులగొట్టుట, వస్త్రములను చింపుట, ఊటలను పూడ్చుట, ఆహారమును చెరుపుట ఇందు చేరునని 12వ శతాబ్దమున మైమోనిడీస్ వ్రాసెను. అతనికి ఎంతయో పూర్వము కూర్చబడిన బాబిలోను తాల్ముదులో, షబ్బత్ అను భాగమున, రావ్ జుత్రా అను పండితుని పేర నొక చిన్నమాట గలదు. నూనెదీపమును మూసియుంచువాడును, నఫ్తాదీపమును తెరచియుంచువాడును ఈ నిషేధమును ఉల్లంఘించినవారే యని యతని నిర్ణయము. అట్లు చేసినచో దీపము వడిగా కాలి చమురు వ్యర్థమగునని వ్యాఖ్యాతలు కారణమును విశదీకరించిరి.

నఫ్తా యనగా భూమినుండి ఊరెడి చమురు. బాబిలోను నేడు ఇరాకులోనిది. నాడు దీపమునకు వాడిన ద్రవ్యమును నేడు ఇంజనుకు వాడు ద్రవ్యమును ఒకే జాతివి. రావ్ జుత్రా దీపము వెలిగింపవద్దనలేదు. చీకటిలో కూర్చుండుట పుణ్యమని చెప్పలేదు. అంతే వెలుతురునకు అధికమైన చమురు పోవునట్లుగా గాలిని దీపమునకు అమర్చుట మాత్రమే దోషమనెను. ఆ దీపము అతని స్వంతము, చమురు అతడు కొన్నది, గదిలో వేరెవరును లేరు, ఎవరికిని నొప్పి కలుగలేదు, అయినను దోషమే. ఎత్తుపెంచిన బండియు, ఎదురుగాలికి విప్పిన సామానుచట్రమును, తెరచియుంచిన నఫ్తాదీపము కంటె భిన్నములని నిరూపించుటకు నాకు యుక్తి దొరకలేదు. చమురునకును గాలికిని గల సంబంధమును మార్చి, చేరిన దూరము పెరుగకయే మంటను పెంచుట రెండింట సమానము. ఒక గృహస్థుని గదిలోని దీపపుమూతను ధర్మవిషయముగా గుర్తించిన యా సూక్ష్మదృష్టికి నేను నమస్కరించుచున్నాను. పాపమనగా మహాపాతకములే యని తలచి, మూతవంటి చిన్నవానిని వదలివేయు స్వభావము మనకందరికిని గలదు.

ఇచట మనవారిలోనే యొక యాక్షేపము పుట్టును. హోమకుండమున మనము నేతిని పోయుచున్నాము. అది వ్యర్థనాశనము కాదా? దేవాలయమున పగటివేళ అఖండదీపము వెలుగుచున్నది. అది యెవనికి దారి చూపుచున్నది? ఈ యాక్షేపమును త్రోసిపుచ్చరాదు, ఎదుర్కొనవలెను. యాగమున కవయవములు ద్రవ్యము, దేవత, త్యాగము అని మీమాంసకులు చెప్పిరి. దేవత నుద్దేశించి ద్రవ్యముపై తన స్వత్వమును విడుచుటయే యాగము. నేయిని మంటలో వేయునపుడే యజమానుడు అది తనది కాదని నోట పలుకును. కాలునది యతనిది కాదు. ట్రక్కునందు చమురు కాలుటకు ముందు పలుకబడునది దీనికి విపరీతమైన మాట: ఇది నాది, అందుచేత కాల్తును. బయటికి రెండును మంటలే. ఒకటి స్వత్వమును వదలుటతో మొదలగును, రెండవది స్వత్వమును ప్రకటించుటకే వెలుగును. త్యాగమను పేరుపెట్టి యజ్ఞములలోను వైభవప్రదర్శనము జరిగినదని చరిత్ర తెలిసినవారు చెప్పినచో కాదనలేను. అట్టిదానికి నేను చెప్పిన సమాధానము వర్తింపదు.

ఆ రెండవ మంట తుదిరూపమును అమెరికా రహదారులపై చూచినవారు మరువలేరు. కొందరు డీజిలు ట్రక్కుల పొగవడపోతను తీయించి, కంప్యూటరును మార్పించి, కాలగలిగినదానికంటె అధికముగా చమురు పోయునట్లు చేసి, ఇష్టమైనపుడు నల్లని పొగను కుండపోతగా వెనుకబండ్లపైకి, సైకిళ్లవారిపైకి వదలుదురు. వాయుశుద్ధి చట్టము దీనిని నిషేధించినది. ఆ నలుపు కాలని బొగ్గు. బండిని అంగుళమైన ముందునకు జరుపని చమురు. ఇచట వ్యర్థత అజాగ్రత్తచే కలిగినది కాదు, వ్యర్థతయే ఉద్దేశము. కాలు అలవాటుచే చేయు తప్పును నేను సానుభూతితో చూడగలను, దీనిని చూడలేను. తాను కొన్నదానిని పొరుగువాని యూపిరితిత్తులలో నింపుటతో స్వాతంత్ర్యము నిరూపితమగునని నమ్మినవాడు స్వాతంత్ర్యమును చాల తక్కువకు అమ్ముకొన్నాడు.

పనిచేయు ట్రక్కు విషయము వేరు. వెనుక బరువైన బండిని తగిలించుకొని, తొట్టినిండ కలపతో, గాలనుకు పదిమైళ్లే పోవు మేస్త్రీ బండిని చూచి, చిన్నకారులో ఒంటరిగా నలువదిమైళ్లు పోవువాడు తాను ధర్మాత్ముడనని తలచరాదు. కొలువవలసినది మైళ్లుమాత్రమే కాదు, ఏమి చేరినదనియు. అమెరికా ప్రభుత్వము కిటికీకి అంటించు మైలేజి చీటీ ఈ భేదమును తెలుపదు. మొత్తము బరువు 8,500 పౌనులు దాటు పెద్ద ట్రక్కుల కసలు ఆ చీటీయే యక్కరలేదు.

నేనొక్కడను కాల్చునదెంత, ఆదా చేయునదెంత యను నిరాశావాదమునకు గణితమే కొంత సమాధానము చెప్పును. రిచర్డ్ లారిక్, జాక్ సోల్ అనువారు 2008లో చూపినట్లు, గాలనుకు ఇన్ని మైళ్లను లెక్క మనస్సును మోసగించును. 12,000 మైళ్లు పోవుటకు, 12 మైళ్ల బండి 15 మైళ్లకు మెరుగైనచో 200 గాలనులు మిగులును. 30 మైళ్ల బండి 40కి మెరుగైనచో మిగులునవి 100 మాత్రమే. అధికముగా త్రాగు బండిలో స్వల్పమైన సవరణమే యధికఫలము నిచ్చును; కావున ట్రక్కు యజమాని కాలు చిన్నది కాదు. ఆదా యైనకొలది వినియోగము పెరుగునని 1865లో స్టాన్లీ జెవన్స్ బొగ్గునుగూర్చి వ్రాసిన మాట ఆ నిరాశావాదముకంటె గట్టి యాక్షేపము. మైలేజి పెరిగినదని సంతోషించి మరింత దూరము తిరుగువాడు ఆ వాదమునకు సాక్ష్యమగును. అయితే జెవన్స్ చెప్పినది అంగళ్ల స్వభావము. మనుష్యుడు దానిని ఎరిగి నిలిచిపోగలడు, బొగ్గు నిలువలేదు.

మితవ్యయమునకును అతి గలదు. గాలిని తప్పించుకొనుటకై పెద్దలారీ వెనుక అంటుకొని పోవువారు, వెనుకవారి సహనమును పరీక్షించుచు రహదారిపై ప్రాకువారు, తమ మైలేజి నంకెలుగా చెప్పుకొని గర్వించువారు ఉన్నారు. చమురును కాపాడుటకై ప్రాణమును ఒడ్డుట, అందును పరుల ప్రాణమును ఒడ్డుట, లెక్క తప్పుటయే. అతిగా తినువానికిని, తినక మాడువానికిని యోగము లేదని గీత చెప్పినది వీరికి వర్తించును.

ఇక స్వత్వమును మన దేశపు ధర్మశాస్త్రదృష్టితో మరల చూచి విరమింతును. కల్యాణి చాళుక్యుడగు ఆరవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి వ్రాసిన మితాక్షర తెలుగుదేశమున శతాబ్దములపాటు వ్యవహారమునకు ఆధారమైనది. 13వ శతాబ్దముననే కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు చేసెను. పైతృకమైన ద్రవ్యమునందు పుత్రునకు జన్మముచేతనే స్వత్వము కలుగునని ఆ గ్రంథపు ప్రధానసిద్ధాంతము. తండ్రి మరణించినపిదపనే కలుగునని వంగదేశపు జీమూతవాహనుడు వాదించెను. మనవారు దానిని గ్రహింపలేదు. తండ్రి చేతిలో నున్నను ఆ ద్రవ్యము తండ్రి యొక్కనిది కాదు. పుట్టినవారికేగాక గర్భస్థులకును, ఇంకను గర్భమునకు రానివారికిని జీవనాధారము కావలసియున్నది గావున స్థావరమును ఇష్టమువచ్చినట్లు దానము చేయరాదు, అమ్మరాదు అను స్మృత్యర్థమును విజ్ఞానేశ్వరుడు ఉదాహరించెను. 25 కోట్ల యేండ్లనాటి సముద్రము మనకు విడిచిపోయినదానికంటె పైతృకమైన ద్రవ్యమేది? దానిని ఆర్జించిన కష్టము మనలో నెవనిది? చమురు భూగర్భమున నున్నంతవరకు స్థావరము, ట్యాంకులోనికి వచ్చినపిదప జంగమము, జంగమమున తండ్రికి స్వేచ్ఛ అధికము గదా యని న్యాయవాది వాదింపవచ్చును. ఆ స్వేచ్ఛకును మితాక్షర ధర్మకార్యములు, స్నేహపూర్వకమైన కానుకలు, కుటుంబపోషణము, ఆపదుద్ధరణము మొదలగు మేరలను చెప్పినది.

ఉమ్మడి యాస్తిని కర్త యమ్మినచో దానికి కుటుంబావసరము కారణమై యుండవలెను. ఆ యవసరమును చూపవలసిన భారము అమ్మినవానిపైగాక కొనినవానిపైననే యుండెను. 1856లో హనుమాన్ ప్రసాద్ పాండే వ్యాజ్యెమున ప్రీవీ కౌన్సిలు ఋణమిచ్చినవాడే అవసరమును విచారించి యుండవలెనని నిర్ణయించినది మొదలు మన న్యాయస్థానములు ఆ మార్గముననే నడచినవి. ఈ కొలతను పట్టి చూచినచో మేస్త్రీ తొట్టిలోని కలప నిలుచును. ఆగస్టు ఎండలో నిలిచిన బండిలో పసిబిడ్డకై తిరుగుచున్న ఇంజను నిలుచును. ఆలస్యమైన విమానమునకై 85 మైళ్లకు చేరిన కాలు ఏదో విధముగ నిలువవచ్చును. ప్రతిదినము అట్లే చేరు కాలు నిలువదు. నల్లపొగ విచారణకే రాదు. ఎత్తించిన బండికిని 35 అంగుళముల టైరునకును సౌందర్యము నవసరముగా చూపువాడు వచ్చినచో, సౌందర్యము అవసరము కాదని త్రోసివేయుటకు నాకు మనసు రాదు. మన గుడిగోపురములును అవసరమును మించియే లేచినవి. అతనిని నేను అడుగునది ఇంతే: ఆ సౌందర్యమును చూచుటకు ఇంకను పుట్టనివారు వచ్చినప్పుడు, దానిలో వారికి మిగులు భాగమేది?